ఇరవై ఎనిమిది సైజు

ఆ రోజు పొద్దున్న అల్లుడుగారి ప్లాను చాలా చిన్నది. కాఫీ తాగాలి. ఇస్త్రీ చొక్కా వేసుకోవాలి. పదకొండు గంటలకు ఆఫీసులో కొత్త డైరెక్టరమ్మ ముందు తన టెక్స్ట్ ఎడిటర్‌ని చూపించి ఆవిడ చేత ఔరా అనిపించుకోవాలి. ఆ తర్వాత క్యారియర్ విప్పుకుని ప్రశాంతంగా భోంచేయాలి. వీటిలో కాఫీ, చొక్కా అనుకున్నట్టే జరిగాయి.

ఇంట్లో ఆయన అల్లుడుగారు గానీ, ఆఫీసులో అందరూ ఆయన్ని షార్ట్‌కట్ అంటారు. వాషింగ్ మెషీన్లకూ ఫ్యాన్లకూ అట్టపెట్టెల్లో వచ్చే వాడకం పుస్తకాలు రాసే ఆఫీసు అది. 'ముందు ప్లగ్గు పెట్టండి, తర్వాత మూత తెరవండి' లాంటి వాక్యాలు రాసుకుని ఓ గదినిండా జనం బతుకుతున్నారు. మిగతావాళ్ళందరూ మౌసు పట్టుకుని రాస్తారు. ఈయన మౌసుని సొరుగులో పడేసి, పొరపాటున కూడా చేయి అటు వెళ్ళకుండా సొరుగుకి తాళం వేసుకున్నారు.

ఎడిటర్ అంటే ఏముంది, రాసుకునే ప్రోగ్రాం. ఈయనకు మాత్రం రాయడం పక్కపని, ఆ ఎడిటర్ సెట్టింగుల ఫైలుని దిద్దుకోవడం అసలు పని. అక్షరాల సైజెంత, వెనక రంగేమిటి, ఏ కీ నొక్కితే ఏం జరగాలి, అన్నీ ఆ ఒక్క ఫైల్లో రాసి ఉంటాయి. దాన్ని పెళ్ళికి ముందు నుంచీ పెంచుకొస్తున్నారు. పెళ్ళికి ముందు నుంచీ ఆయన దగ్గర మిగిలి ఉన్నది కూడా అదొక్కటే.

ఆ ఫైలు విషయంలో ఆయన గర్వమంతా రెండు కీల మీద నిలబడి ఉంది. ఎఫ్ ఫైవ్ కొడితే ఫైలు తెరుచుకుంటుంది. మార్చాల్సింది మార్చి ఎఫ్ సిక్స్ కొడితే ఎడిటర్ దాన్ని మళ్ళీ చదువుకుని కొత్త వేషంలోకి వచ్చేస్తుంది. మెనూల్లో దేవులాడక్కర్లేదు, మూసి తెరవక్కర్లేదు. "అర క్షణం" అంటారాయన చిటికె వేసి. ఈ మాట పక్కింటివాళ్ళకు చెప్పారు, పళ్ళ డాక్టరుకు నోరు తెరిచే లోపల చెప్పారు, మరదలి పెళ్ళిచూపుల్లో పెళ్ళికొడుక్కి కూడా చెప్పారు. అంతేకాదు, ఇంట్లో కంప్యూటరూ ఆఫీసు లాప్‌టాపూ ఇంటర్నెట్ మీద ఒకే ఫైలుని పంచుకునేలా ఏర్పాటు చేశారు. ఒకచోట మార్చి ఎఫ్ సిక్స్ కొడితే రెండోచోట ఎడిటర్ తనంతట తనే మారిపోతుంది. ఆ తెలివికి ఆయన తనను తాను ఎన్నిసార్లు మెచ్చుకున్నారో లెక్కలేదు.

ఇంట్లో కంప్యూటర్ వాడేది అత్తగారు. కోర్టులో టైపిస్టుగా చేసి రిటైరైన మనిషి. కూతురి దగ్గరే ఉంటూ, తన ఉద్యోగం కబుర్లు పుస్తకంగా రాసుకుంటున్నారు. ఆవిడ చూపు ఆనదని అల్లుడుగారే అక్షరాల సైజు ఇరవై ఎనిమిది చేశారు. ఫైలు ఒకటే కాబట్టి ఆఫీసులోనూ ఆయన అక్షరాలు ఇరవై ఎనిమిదే. "ఏమిటండీ, గోడ మీద రాతల్లా ఇంతలేసి అక్షరాలు?" అని ఎవరైనా అడిగితే, మా అత్తగారి కోసం అని చెప్పడానికి మొహమాటపడి, "ఆలోచన పెద్దదైతే అక్షరం కూడా పెద్దదవుతుందండీ" అనేవారు. కొన్నాళ్ళు పోయేసరికి ఆ మాట ఆయనే నమ్మేసి, అసలు కారణం పూర్తిగా మర్చిపోయారు. మనిషికి గొప్పలు చెప్పుకునే అలవాటుంటే జ్ఞాపకశక్తికి పని తగ్గిపోతుంది.

ఆ పొద్దున్న కాఫీ దగ్గర అత్తగారు కళ్ళజోడు పట్టుకుని వచ్చారు. దాని ఒక కాలు ఆకాశం చూస్తోంది.

"రాత్రి సోఫాలో పెట్టాను. ఎవరో దీని మీద కూర్చున్నారు. ఎవరు?"

"నేను కాదమ్మా" అంది కూతురు.

"ఆ సోఫా పాతదైపోయింది అత్తయ్యగారూ. స్ప్రింగులు పైకి తంతున్నాయి" అన్నారు అల్లుడుగారు, కాఫీ గ్లాసులోకి చూస్తూ.

అత్తగారు సోఫా వైపు చూశారు, అల్లుడి వైపు చూశారు, "ఊఁ" అన్నారు. ఇవాళ మధ్యాహ్నంలోపు పాత టైపిస్టుల సంఘం వాళ్ళ పత్రికకి తన వ్యాసం పంపాలని, కళ్ళజోడు లేకపోయినా అక్షరాలు పెద్దవే కాబట్టి ఫరవాలేదని చెప్పి గదిలోకి వెళ్ళిపోయారు. అవసరం వస్తే ఫోన్ చేయమని అల్లుడుగారు అన్నారు గానీ ఆవిడ ఒప్పుకోలేదు.

"ఆఫీసులో ఉన్న మనిషికి ఇంటి నుంచి ఫోన్ చేయడమంటే జడ్జిగారు మాట్లాడుతుంటే అడ్డం పడటమే. నా జన్మలో చేయను. ఎఫ్ ఫైవూ ఎఫ్ సిక్సూ నేర్పారుగా, చాలు."

అల్లుడుగారికి ఒళ్ళు పులకరించింది.

ఆఫీసులో ఆ రోజు తేలాల్సిన విషయం చిన్నదేం కాదు. కొత్త డైరెక్టరమ్మకి గదిలో అందరూ ఒకే ఎడిటర్ వాడాలని కోరిక. పక్క బల్ల దగ్గర కూర్చునే క్లిక్కు ఆవిడకి ఓ బటన్ల ఎడిటర్ చూపించాడు. రంగురంగుల బటన్లు, ప్రతిదానికీ ఓ బొమ్మ. మౌసుతో టకటకలాడిస్తూ రోజంతా గడిపేస్తాడు కాబట్టి అతనికి ఆ పేరు. ఆవిడ ఆ బటన్ల వైపే మొగ్గితే షార్ట్‌కట్ సొరుగు తాళం తీయాలి, మౌసు పట్టుకోవాలి, పెంచుకున్న ఫైలుని వదులుకోవాలి.

పదకొండుకి ముందు ఎడిటర్‌ని ఓసారి ముస్తాబు చేద్దామనుకున్నారు. తెల్లటి తెర మీద ఇంతలేసి అక్షరాలుంటే పెద్ద బాలశిక్షలా ఉందని నవ్వుతారేమో. ఆ ధ్యాసలో ఇల్లు గుర్తే రాలేదు. ఎఫ్ ఫైవ్ కొట్టారు. వెనక నలుపు, అక్షరాలు ఆకుపచ్చ, సైజు పన్నెండు. ఎఫ్ సిక్స్ కొట్టారు. తెర చూస్తే రాకెట్ వదిలే గదిలా ఉంది. కాలర్ సర్దుకుని, లాప్‌టాప్ పట్టుకుని మీటింగు గదిలోకి నడిచారు.

సరిగ్గా అప్పుడే ఇంట్లో అత్తగారు ఓ మంచి వాక్యం మధ్యలో ఉన్నారు. చూస్తుండగానే తెర నల్లబడిపోయి, వాక్యం పచ్చ చీమల బారైపోయింది. ముందు తన కళ్ళే పోయాయనుకున్నారు. మొహం కడుక్కొచ్చారు. గోడ మీద క్యాలెండర్ చదివి చూశారు, బాగానే కనబడుతోంది. అంటే తప్పు తనది కాదన్న మాట. తప్పు తనది కాదని తేలాక ఆవిడని పట్టడం ఎవరి తరమూ కాదు. ఎఫ్ ఫైవ్ కొట్టారు. తెరకి ముక్కు ఆనించి చూస్తే ప్రతి వరుస పక్కనా అల్లుడుగారు తెలుగులో రాసి పెట్టిన వివరం దొరికింది. 'అక్షరాల సైజు' అని ఉన్నచోట ఇరవై ఎనిమిది చేశారు. వెనక తెలుపు, అక్షరాలు నలుపు పెట్టారు. ఎఫ్ సిక్స్ కొట్టి, "అంతే" అనుకున్నారు.

మీటింగు గదిలో షార్ట్‌కట్ "వెనక నలుపు కంటికి హాయి మేడం, పైగా చిన్న అక్షరాల్లో" అంటుండగా లాప్‌టాప్‌కి కలిపిన గోడ మీది తెర తెల్లగా మెరిసి, అక్షరాలు గుమ్మడికాయలంతయ్యాయి.

గదిలో ఎవరో కిసుక్కున నవ్వారు.

"ఇది" అన్నారాయన, "వెనక వరుసలో కూర్చున్నవాళ్ళ కోసం మేడం."

"బావుంది" అంది డైరెక్టరమ్మ. "నేను కళ్ళజోడు తెచ్చుకోలేదు. ఇప్పుడు కనబడుతోంది."

ఆ మెప్పుతో ఆగిపోయుంటే కథ ఇక్కడితో సుఖాంతమయ్యేది. కానీ అక్కర్లేని చోట చిటికె వేసి చూపించడం ఆయన రక్తంలో ఉంది. "ఇప్పుడు మళ్ళీ నలుపు చేస్తాను చూడండి. అర క్షణం" అన్నారు. ఎఫ్ ఫైవ్, దిద్దుబాటు, ఎఫ్ సిక్స్. నలుపు వచ్చింది. ఆయన అటు తిరిగి అందరి మొహాలూ చూసి ఇటు తిరిగేసరికి తెలుపు వచ్చింది.

"ఇప్పుడు ఏ కీ కొట్టారు?" అడిగాడు క్లిక్కు. చేతిలో టీ కప్పు, మొహం నిండా అమాయకత్వం.

"అదంతటదే" అన్నారు షార్ట్‌కట్.

మళ్ళీ నలుపు చేశారు. మళ్ళీ తెలుపైంది. అక్కడ ఇంట్లో అత్తగారు కూడా పళ్ళు నూరుతున్నారు. కోర్టులో మొండి మెషీన్లను దారికి తెచ్చిన చేతులవి. అయితే మెషీన్ మొండికేస్తే ఒక అక్షరం ఇరుక్కుంటుందే గానీ రంగులు మార్చదు. ఇది మెషీన్ పని కాదు, మనిషి పని. అల్లుడుగారు చెప్పిన ఇంకో మాట ఆవిడకి గుర్తొచ్చింది. వరుస మొదట్లో హాష్ గుర్తు పెడితే ఎడిటర్ ఆ వరుసను పట్టించుకోదు, అది మనుషులు చదువుకోవడానికి. మనిషే కాబట్టి చదువుకుంటాడని, హాష్ గుర్తు పెట్టి కోర్టు భాషలో ఓ వరుస కొట్టారు.

షార్ట్‌కట్ ఎఫ్ ఫైవ్ కొట్టేసరికి ఆఫీసంతా చూస్తుండగా గోడ మీద ఈ మాటలు కనబడ్డాయి:

# ఈ అంకెను ఎవరును మార్చరాదు. మార్చినవారే తదుపరి పరిణామములకు బాధ్యులగుదురు.

"ఇది మీరే రాసుకున్నారా?" అంది డైరెక్టరమ్మ.

"లేదు మేడం" అన్నారాయన. ఇంకెవరు రాస్తారు? తన ఎడిటర్ ఓడిపోతే లాభం ఎవరికి? ఒక్కసారిగా అంతా అర్థమైపోయినట్టనిపించింది. ఇలా అనిపించినప్పుడే మనిషి కొంప మునిగేది. క్లిక్కు వైపు ఓ చూపు విసిరి, అందరి ముందే టకటకా కొట్టారు:

# క్లిక్కూ, ఇది నీ పనేనని నాకు తెలుసు. దమ్ముంటే ముందుకు రా.

ఎఫ్ సిక్స్.

క్లిక్కు నెమ్మదిగా టీ కప్పు పైకెత్తి చూపించాడు. "నా రెండు చేతులూ దీని మీదే ఉన్నాయి సార్."

"అవునండీ, నేనూ చూస్తున్నాను. అతను బిస్కెట్ కూడా తీసుకోలేదు" అంది డైరెక్టరమ్మ.

కాసేపటికి గోడ మీద కొత్త వరుస మొలిచింది.

# నా పేరు క్లిక్కు కాదు. నా కంప్యూటర్లో దూరి నన్నే దమ్ముందా అంటావా? నువ్వెవడివి? మీ ఊరేది? తండ్రి పేరు చెప్పు.

ఈ వరుస కొట్టేముందు అత్తగారు ఫోన్ తీశారు. అల్లుడికి చేయనన్నారు గానీ కూతురికి చేయనని అనలేదు కదా. కూతురు క్లినిక్‌లో ఓ పెద్దాయన మోకాలికి వ్యాయామం చేయిస్తోంది.

"దొంగ దూరాడే" అన్నారు అత్తగారు తాపీగా. "భయపడకు. వాడితో మాట్లాడుతున్నాను. దమ్ముందా అంటున్నాడు, చాలా పొగరు. ఉంటా మరి, సమాధానం చెప్పాలి."

ఫోన్ పెట్టేశారు. కంప్యూటర్లోకి దూరాడని చెప్పాలన్న ఆలోచన ఆవిడకి రాలేదు. తను చూస్తున్నది అందరికీ కనబడుతోందనే ఆవిడ లెక్క. కూతురు పెద్దాయన కాలు గాల్లోనే వదిలేసి, ముందు అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కి చేసింది, తర్వాత భర్తకి చేసింది, ఆయన ఫోన్ మూగబోయి ఉండటంతో ఆఫీసుకి చేసింది. వాచ్‌మన్ కర్ర పట్టుకుని ఆయాసపడుతూ పైకొచ్చి, "ఎక్కడమ్మా వాడు?" అన్నాడు. అత్తగారు తెర చూపించి, "ఇందులో. నువ్వు ఇక్కడ నిలబడి చూస్తూ ఉండు. అక్షరాలు చిన్నవైతే చెప్పు" అన్నారు. అతను కర్ర పైకెత్తి పట్టుకుని అక్షరాల వైపు చూస్తూ నిలబడ్డాడు.

మీటింగు గది తలుపు తోసుకుని రిసెప్షన్ అమ్మాయి వచ్చింది. "సార్, మీ ఆవిడ ఫోన్ చేశారు. మీ ఇంట్లో దొంగ దూరాడట. మీ అత్తగారు వాడితో మాట్లాడుతున్నారట. వాడేదో దమ్ముందా అంటున్నాడట."

షార్ట్‌కట్ ఆ అమ్మాయిని చూశారు. గోడ చూశారు. 'బాధ్యులగుదురు' అన్న మాట మళ్ళీ చదివారు. ఇరవై ఎనిమిది సైజు ఎందుకు పెట్టారో, ఎవరి కోసం పెట్టారో, ఆ ఆదివారం, ఆ కుర్చీ, పక్కన కూర్చుని తను చెబుతుంటే ఆవిడ తలూపడం, అన్నీ వరసగా గుర్తొచ్చాయి. అత్తగారిని దమ్ముంటే ముందుకు రమ్మన్న అల్లుడు ఈ భూమ్మీద ఇంకొకడుంటాడా? గబగబా కొట్టారు:

# అత్తయ్యగారూ, నేనండీ. మీ అల్లుణ్ణి.

ఎఫ్ సిక్స్. గదిలో అందరూ ముందుకు వంగారు. క్లిక్కు టీ చల్లారిపోతోంది. జవాబొచ్చింది.

# నమ్మకమేమిటి? దొంగలందరూ ఎవరో ఒకరి అల్లుళ్ళే. మా అల్లుడివైతే ఇది చెప్పు. రాత్రి సోఫాలో నా కళ్ళజోడు మీద కూర్చున్నదెవరు?

షార్ట్‌కట్ 'స్ప్రింగులు' అని కొట్టబోయి ఆగారు. ఆ జవాబుకి కోర్టులో ఏమవుతుందో ఊహించుకున్నారు. గదిలో అందరూ గుడ్లప్పగించి చూస్తున్నారు. వెనక వరుసకి కూడా బ్రహ్మాండంగా కనబడుతోంది, సైజు ఇరవై ఎనిమిది కదా.

# నేనే అత్తయ్యగారూ.

ఎఫ్ సిక్స్ కొట్టారు.

# పొద్దున్నే అనుకున్నాను. సరే అల్లుడుగారూ, మీరేనన్న మాట. ఏమిటీ అల్లరి?

'నువ్వు' కాస్తా 'మీరు'లోకి మారడం చూసి ఆయన ప్రాణం కాస్త కుదుటపడింది. అక్కడ అత్తగారు వాచ్‌మన్‌తో "దొంగ కాదులే, మా అల్లుడుగారే. కర్ర దించు" అన్నారు. ఇక్కడ గదిలో నవ్వు గట్టు తెంచుకుంది. రిసెప్షన్ అమ్మాయి గోడకి ఆనుకుని నవ్వింది. షార్ట్‌కట్ తల దించుకుని సొరుగు తాళంచెవి కోసం జేబు తడుముకున్నారు. అయిపోయింది. పరువు పోయింది, ఫైలు పోయింది. రేపటి నుంచి మౌసే.

డైరెక్టరమ్మ మాత్రం నవ్వలేదు. లేచి వచ్చి, "మీరు కాస్త జరగండి" అని కుర్చీలో కూర్చుంది.

# నమస్కారమండీ. నేను మీ అల్లుడుగారి ఆఫీసు డైరెక్టర్ని. అక్షరాలు చిన్నవైతే మీరు ఎవర్ని అడిగి పెద్దవి చేసుకున్నారు?

# నమస్కారం. అడగడమెందుకు? ఎఫ్ ఫైవ్ కొడితే తెరుచుకుంటుంది, ఎఫ్ సిక్స్ కొడితే మళ్ళీ చదువుకుంటుంది. మా అల్లుడుగారు ఆదివారం కూర్చోబెట్టి నేర్పారు. ఒకటికి పదిసార్లు అడిగినా విసుక్కోలేదు. ప్రతి వరుస పక్కనా నా కోసం తెలుగులో రాసిపెట్టారు. చాలా తెలివైనవారు. కూర్చునే ముందు మాత్రం చూసుకోరు.

ఆ వరుస చదివి షార్ట్‌కట్‌కి కళ్ళు చెమర్చాయి. పళ్ళ డాక్టరు మెచ్చుకోలేదు, పెళ్ళికొడుకు మెచ్చుకోలేదు, ఆఫీసులో ఒక్క పురుగు కూడా మెచ్చుకోలేదు. ఇన్నాళ్ళ తన గొప్పంతా ఈ రోజు అత్తగారు గోడ ఎక్కించారు. తాళంచెవిని మళ్ళీ జేబులో పడేసి, నిటారుగా నిలబడి, "నేనే నేర్పాను మేడం" అన్నారు, ఎవరూ అడగకపోయినా.

డైరెక్టరమ్మ అందరి వైపు తిరిగింది. "నిన్న ఈ గదిలో ఒకరు అక్షరాలు చిన్నగా ఉన్నాయని నాకు మెయిల్ పెట్టారు. నేను ఇంకొకరికి పంపాను. వాళ్ళు మూడో వాళ్ళకి పంపారు. ఇంకా చిన్నగానే ఉన్నాయి." ఆ మెయిల్ పెట్టిన క్లిక్కు కప్పులోకి చూసుకున్నాడు. "ఇక్కడేమో ఆవిడ కళ్ళజోడు విరిగి కూడా, పైగా ఈయన అడుగడుగునా చెడగొడుతున్నా, తన సంగతి తనే చూసుకున్నారు. వాడకం పుస్తకం రాసేవాళ్ళం మనం. మనిషికి ఒకసారి చెబితే తర్వాత మన అవసరం రాకూడదు. బటన్లు వద్దు. అందరికీ ఈ ఎడిటరే, ఈ ఫైలే."

షార్ట్‌కట్ గాల్లో తేలారు. క్లిక్కు దగ్గరకెళ్ళి అందరి ముందే క్షమాపణ చెప్పుకున్నారు, పెదవుల మీద నవ్వు మాత్రం ఆపుకోలేకపోయారు. "అందరి ఎడిటర్లనీ ఇవాళే ఈ ఫైలుకి కలిపేస్తాను మేడం. నేనిక్కడ ఒక్క అంకె మారిస్తే గదంతా అర క్షణంలో మారిపోతుంది."

"అదే నా భయం" అంది డైరెక్టరమ్మ. "ఇద్దరు పంచుకుంటేనే ఇంత జరిగింది. గదంతా పంచుకుంటే పోలీసులొస్తారు. అందుకని ఈ ఫైల్లో ఏది మార్చాలన్నా ముందు ఒకరి అనుమతి ఉండాలి. బాధ్యత తెలిసిన మనిషి కావాలి." అని మళ్ళీ కీబోర్డు దగ్గరికి జరిగి, గోడ మీద ఓ వినతి కొట్టింది. అవతలి నుంచి జవాబు చప్పున వచ్చింది, బాధ్యత స్వీకరించడమైనదని. ఆఫీసు టైములో తనకు ఫోన్ చేయరాదని, దరఖాస్తులు హాష్ గుర్తు పెట్టి రాతపూర్వకంగా మాత్రమే ఇవ్వాలని కింద షరతులు కూడా ఉన్నాయి.

ఆ సాయంత్రం అల్లుడుగారు కొత్త కళ్ళజోడుతో ఇంటికొచ్చారు. అత్తగారు వ్యాసం పంపేశారు, వాచ్‌మన్‌కి రెండుసార్లు టీ ఇచ్చారు, ఫోన్లో పాత టైపిస్టులందరికీ "మా అల్లుడుగారి ఆఫీసులో నన్ను అడక్కుండా అక్షరం కూడా కదలదు" అని చెప్పడం పూర్తిచేశారు. భార్య ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, "మీలో ఎవరు ఎక్కువ మురిసిపోతున్నారో తేలడం లేదండీ" అంది.

షార్ట్‌కట్ ఇప్పుడు ఎడిటర్ల పెద్ద. గదిలో కొత్తగా చేరినవాళ్ళకి ఆయనే చిటికె వేసి చూపిస్తారు. ఎఫ్ ఫైవ్ కొడితే ఫైలు ఇప్పటికీ అర క్షణంలో తెరుచుకుంటుంది, ఎఫ్ సిక్స్ కొడితే అర క్షణంలో మళ్ళీ చదువుకుంటుంది. మధ్యలో అత్తగారి మధ్యాహ్నం నిద్ర ఒకటి ఉంటుంది.